లాంచీలో చదవని వార్త

గోదావరి పాయల నడుమ వెలగలంకలో సోమలింగం అనే గుమాస్తా ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, ఎదుటివాళ్ల మొహం చిన్నబోతుందంటే చాలు, నిజాన్ని గుటుక్కున మింగేసేవాడు.

అప్పటికింకా సెల్‌ఫోన్లు లేవు. లంకకు టీవీలు రాలేదు. పోస్టాఫీసులో ఒక ఫోను ఉండేది గాని, అది పలికితే ఊరంతా వింతగా చెప్పుకునేవారు. లోకంలో ఏం జరుగుతోందో తెలియాలంటే సర్కారు లాంచీ ఒక్కటే దిక్కు. ఆ లాంచీ రాత్రిళ్లు అవతలి ఒడ్డున మూలరేవులో ఉండేది. పొద్దున్నే సరంగు పోలయ్య దాన్ని నడుపుకుంటూ లంకకు వచ్చేవాడు. వస్తూ వస్తూ రెండు దినపత్రికలు తెచ్చేవాడు. ఒకటి ‘ఉదయకెరటం’, రెండోది ‘లోకమాట’. పనులకీ సంతకీ వెళ్లేవాళ్లంతా ఆ లాంచీలోనే ఏరు దాటేవారు, సాయంత్రం అందులోనే తిరిగి వచ్చేవారు.

సోమలింగం మూలరేవులో కొబ్బరికాయల మండీలో పద్దులు రాసేవాడు. ఇంజను చప్పుడు మీద కూడా వినిపించే గొంతు ఆ లంకలో ఆయన ఒక్కడికే ఉండేది. అందుకని లాంచీలో పత్రిక పైకి చదివే పని ఆయనకు అప్పగించారు. చదివేవాడికి టిక్కెట్టు లేదు. కాని ఒక కట్టుబాటు ఉంది. అది పోలయ్య తండ్రి సరంగుగా ఉన్న కాలం నాటిది. వెళ్లేటప్పుడు ఒక పత్రిక చదవాలి, వచ్చేటప్పుడు రెండోది చదవాలి. మొదటిది ఎంత బాగున్నా రెండోది మానకూడదు. "ఏరు దాటేవాడికి రెండు ఒడ్లూ తెలిసుండాలి" అనేవాడట ఆ ముసలాయన. తండ్రికీ చదువు రాదు, కొడుక్కీ రాదు. అయినా ఆ కట్టుబాటు మాత్రం అలాగే నిలిచింది.

సోమలింగం భార్య పేరు మాణిక్యం. వాళ్లకు ఒక్కగానొక్క కూతురు కుసుమ. ఆ పిల్లను మూలరేవులోనే ఇచ్చారు. "దూరం ఏముంది, కళ్లెదురుగానే గదా ఉంటుంది" అని మురిసిపోయి సంబంధం ఖాయం చేసుకున్నారు. నిజమే, కుసుమ ఇంటి డాబా లంక గట్టు మీంచి కనిపించేది. పిట్టగోడ మీద ఆరేసిన చీర రంగు కూడా తెలిసేది. కాని కనిపించేదంతా చేతికి అందదని, కూతుర్ని అత్తవారింటికి సాగనంపిన మర్నాడే మాణిక్యానికి అర్థమైంది.

కుసుమకు పనసపొట్టు కూరంటే ప్రాణం. మాణిక్యం తెల్లారకముందే లేచి, ఆవ పెట్టి కూర చేసి, గిన్నెకు గుడ్డ చుట్టి మొగుడి చేతికిచ్చేది. వీలైనప్పుడు తనే పట్టుకెళ్లేది. గట్టు మీద లాంచీ కోసం కాచుకుని, అందరూ ఎక్కేదాకా ఆగి, ఏరు దాటి, కూతురింటి గుమ్మం తొక్కేసరికి ఆ కూర చల్లారిపోయేది.

"చల్లగా ఉన్నా బాగుందనే చెప్పింది" అనేవాడు సోమలింగం ఇంటికొచ్చి.

"బాగుందనక ఏమంటుందండీ? దాని రుచంతా వేడిలోనే ఉంది" అని మాణిక్యం నిట్టూర్చేది.

వరదలొస్తే నాటుపడవలు ఆగిపోయేవి. లాంచీ మాత్రం మరీ ఉధృతంగా ఉన్న రోజుల్లో తప్ప ఎర్రనీళ్లను కోసుకుంటూ తిరుగుతూనే ఉండేది. అది కూడా ఆగిన రోజున కుసుమ పొద్దున్నే పసుపుపచ్చ చీర ఒకటి పిట్టగోడ మీద ఆరేసేది. అంతా క్షేమమని దానర్థం. ఇవతల గట్టు మీద మాణిక్యం కూడా ఒక పసుపుపచ్చ చీరను వెదురుగడకు కట్టి నిలబెట్టేది. తల్లీ కూతుళ్లు ఆ చీరలతోనే పలకరించుకునేవారు.

"ఇక్కడో వంతెన ఉంటే ఎంత బాగుండునండీ!" అనేది మాణిక్యం, అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి. "కూర పొయ్యి మీంచి దించి, కొంగు కప్పుకుని, గబగబా నడిచి వెళ్లిపోనా? అది కలుపుకుని తింటూంటే ఎదురుగా కూచుని చూడనా?"

ఒక్క మాణిక్యమే కాదు, లంకలో ప్రతి మనిషికీ ఆ వంతెన మీద ఏదో ఒక కోరిక ఉండేది. పెరుగమ్మే నూకాలమ్మకు పెరుగు పులవకముందే సంతకు చేరాలని. పడవలో కళ్లు తిరిగే ముసలివాళ్లకు ఒక్కసారైనా తీర్థం చూడాలని. ఏటి మధ్యన పుట్టినవాళ్లకు అవతలి ఒడ్డు మీద ఉండే ఆశ ఒడ్డున పుట్టినవాళ్లకు చెప్పినా తెలియదు.

ఆ ఆశ సంగతి ఎమ్మెల్యే ప్రభాకరానికి మాత్రం బాగా తెలుసు. అరచేతిలో వైకుంఠం చూపించడంలో ఆయన ఆరితేరినవాడు. ఎన్నికలు దగ్గర పడుతూండగా బాజాబజంత్రీలతో వచ్చి వంతెనకు కొబ్బరికాయ కొట్టాడు. ఇసుకతిప్ప మీద రెండు స్తంభాలు లేచాయి. ‘ఉదయకెరటం’ పత్రిక ఆయన తోడల్లుడిది. ఆ పత్రికలో వంతెన రోజుకింత పెరిగేది. ఏటిలో మాత్రం ఆ రెండు స్తంభాలే ఉండేవి.

సోమలింగం పొద్దున పూట ఆ వార్తలు చదువుతూంటే లాంచీలో మొహాలన్నీ వెలిగిపోయేవి. ఆ వెలుగు చూస్తూంటే ఆయనకు కడుపు నిండినట్టుండేది. సాయంత్రం ‘లోకమాట’ విప్పితే కథ వేరు. ఆ వంతెనకు సర్కారు డబ్బు మంజూరు కాలేదని ఒక రోజు రాసేవారు. రెండు స్తంభాలు లేపి పది స్తంభాల బిల్లు తీసుకున్న గుత్తేదారు ప్రభాకరానికి స్వయానా బావమరిది అని ఇంకో రోజు రాసేవారు. అది చదవగానే అందరి మొహాలూ వాడిపోయేవి.

"సందేళ ఇంటికెళ్లేటప్పుడు ఆ అపశకునం మాటలేంటి బాబూ?" అంది నూకాలమ్మ ఒకనాడు. "పొద్దల్లా ఎండలో తిరిగొచ్చాం. మనసుకి హాయిగా ఉండేది ఏదైనా చదవరాదా?"

"మరేనండి, చదవండి" అన్నారు పక్కవాళ్లు.

సోమలింగానికి కావలసిందీ అదే. ఆ సాయంత్రం సినిమా కబుర్లతో సరిపెట్టాడు. మర్నాడు ‘ఉదయకెరటాన్నే’ మళ్లీ మొదటి నుంచి చదివాడు. ‘లోకమాట’ను లాంచీలో మడత విప్పకుండా చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లడం అలవాటైంది. దాన్ని మండీలో మధ్యాహ్నం పూట తనొక్కడే చదువుకునేవాడు. మింగవలసినవి అక్కడే మింగేసేవాడు.

"రెండోది చదవట్లేదేంటండి?" అని పోలయ్య అడిగాడు, చక్రం తిప్పుతూ.

"దాంట్లో ఏమీ ఉండడం లేదయ్యా" అన్నాడు సోమలింగం.

ఈ సంగతి ఎలా తెలిసిందో గాని, ‘ఉదయకెరటం’ వాళ్లు వచ్చి సోమలింగం ఫోటో తీసుకున్నారు. ‘వెలగలంక గొంతు’ అని పేరు పెట్టి అచ్చు వేశారు. ప్రభాకరం సభలో ఆయనకు ముందు వరసలో కుర్చీ వేయించి, భుజం మీద చెయ్యి వేసి, "మీలాంటి పెద్దమనుషులే మాకు బలం" అన్నాడు. సోమలింగం ఆ ఫోటో కత్తిరించి గోడకు అంటించుకున్నాడు. లంచమంటే డబ్బే అనుకుంటాం గాని, పొగడ్తతో కూడా మనిషిని కొనవచ్చు. అది అన్నిటికంటే చవక బేరం.

వంతెన మీద మోజు రోజురోజుకీ ముదిరింది. దానికి ఏ పేరు పెట్టాలన్న దాని మీద లాంచీలో వాదులాటలు మొదలయ్యాయి. అమ్మవారి పేరని కొందరు, ప్రభాకరం తండ్రి పేరని కొందరు. పోలయ్య విని విని, "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, ఊరికే అన్నారా?" అన్నాడు. లాంచీ అంతా గొల్లుమంది. సోమలింగం కూడా నవ్వేశాడు. ఆ మాట తన పేరుకే గాని తన తీరుకు తగలలేదనుకున్నాడు.

కుసుమ నెల తప్పిందని కబురొచ్చి ఆ వేసవికి చాలా నాళ్లైంది. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తీసుకురావాలి. కాని ఆసుపత్రి మూలరేవులో ఉంది. వానల కాలంలో నిండు మనిషిని ఏరు దాటించవద్దని వియ్యపురాలు అంది. ఆమె అన్నదీ న్యాయమే. "పోనీలెండి, నెలలు నిండే ముందు నేనే వెళ్లి ఉంటాను" అంది మాణిక్యం. అప్పుడే ‘ఉదయకెరటంలో’ మరో వార్త వచ్చింది. ఎన్నికలు కాగానే స్తంభాల మీద బల్లలు పరిచి, వానలకు ముందే నడిచేవాళ్లకు దారి ఇస్తారట. అది విన్నప్పటి నుంచి మాణిక్యం కాలు నేల మీద నిలవలేదు. "పథ్యం వండి వేడివేడిగా రోజూ పట్టుకెళ్తానండీ. రోజూ! మళ్లీ సందేళకి ఇంటికొచ్చేస్తాను" అని ఇరుగుపొరుగులకు చెప్పుకుంది.

పోలింగు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ఇందుమతి అనే ఆవిడ మూలరేవులో లాంచీ ఎక్కింది. ఆవిడ ఎగువన ఒక ఊరికి సర్పంచిగా చేసింది. ప్రభాకరం మీద పోటీ చేస్తోంది. మందీ మార్బలం లేదు, చేతిలో కరపత్రాలు కూడా లేవు. లాంచీ కదిలాక ఇంజను పక్కన నిలబడి మాట్లాడింది.

"అమ్మా, అయ్యా, వంతెన తెస్తానని నేను మాటివ్వలేను. ఈ ఏడు దానికి పైసా రాలేదు. వానలకు ముందు దారి అన్నది పచ్చి అబద్ధం. ఇంకో మాట వినండి. ఎన్నికలు కాగానే ఈ లాంచీని ఇక్కణ్ణుంచి తీసుకుపోతున్నారు. ఉత్తర్వు రాసేశారు. నన్ను గెలిపిస్తే ముందు మీ లాంచీని పోనివ్వను. వంతెన కోసం అడుగుతూనే ఉంటాను. అంతవరకే నేను చెప్పగలను."

లాంచీలో గోల మొదలైంది. "ఈవిడ నోట ఒక్క మంచి మాట రాదేంటమ్మా!" అన్నారు ఎవరో. "ఓట్ల కోసం భయపెడుతోంది" అన్నారు ఇంకెవరో. నూకాలమ్మ చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"ఉండండి. సోమలింగం గారున్నారు గదా. బాబూ, ఈవిడ చెప్పింది పేపర్లో వేశారా? మీరు చెప్పండి. మీరు చెబితే నమ్ముతాం."

‘లోకమాట’ సోమలింగం చంకలోనే ఉంది. మధ్యాహ్నమే చదివాడు. ఇందుమతి చెప్పిన ప్రతి మాటా అందులో మొదటి పేజీలో ఉంది. ఆమె చెప్పనిది కూడా ఉంది. లాంచీ వెళ్లేది ఎగువన ప్రభాకరం కట్టుకున్న అతిథిగృహానికట.

సోమలింగం తల ఎత్తాడు. లాంచీలో ఉన్నవాళ్లంతా ఆయన మొహంలోకే చూస్తున్నారు. ఎదుటి బల్ల మీద మాణిక్యం కూచుని ఉంది. ఆ రోజు కూతుర్ని చూసి వస్తోంది. ఒళ్లో ఖాళీ కూరగిన్నె ఉంది. ఆమె కళ్లు ‘లేదని చెప్పండి’ అని బతిమాలుతున్నట్టున్నాయి. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆయన్ను అంత ఆశగా ఎప్పుడూ చూడలేదు. చెబితే ఆ మొహం ఏమవుతుందో ఆయనకు తెలుసు.

"పేపర్లో అలాంటిదేమీ లేదు" అన్నాడు.

లాంచీ అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. మాణిక్యం మొహం విచ్చుకుంది.

"ఆ చంకలోది విప్పి చదవండి బాబుగారూ" అంది ఇందుమతి నెమ్మదిగా.

"ఇది నిన్నటిదండి" అన్నాడు సోమలింగం.

కావాలంటే ఎవరైనా ఆ పత్రిక లాక్కుని చూడవచ్చు. అక్షరం ముక్క వచ్చినవాళ్లు లాంచీలో ఇంకా ఉన్నారు. ఎవరూ చెయ్యి చాపలేదు. ఎందుకంటే ఎవరికీ చూడాలని లేదు. ఇందుమతి రేవులో దిగి వెళ్లిపోయింది.

పోలింగు నాడు వెలగలంక జనం కొత్తబట్టలు కట్టుకుని వరసలో నిలబడ్డారు. మాణిక్యం అందరికంటే ముందు నిలబడింది. లంక ఓట్లు దాదాపు అన్నీ ప్రభాకరానికే పడ్డాయి. ఆయన గెలిచింది చాలా స్వల్ప తేడాతో. వెలగలంక ఓట్లే లేకపోతే ఓడిపోయేవాడే. ఆ సంగతి తెలిసి లంక జనం గర్వపడ్డారు. "మన వంతెనను మనమే గెలిపించుకున్నాం" అని మిఠాయిలు పంచుకున్నారు.

కొద్ది రోజులకే అధికారులు వచ్చి లాంచీని మరమ్మతుకని పట్టుకెళ్లారు. "వంతెన వస్తోంది గదా, ఇక దీనితో మీకేం పని?" అని నవ్వుతూ అన్నారు. జనం కూడా నవ్వారు. ఆడవాళ్లు లాంచీ మూతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అత్తవారింటికి పంపినట్టు సాగనంపారు. పోలయ్య ఒక్కడే గట్టు మీద అటు తిరిగి నిలబడ్డాడు. అదే వారంలో అవతలి ఒడ్డున ఉన్న క్రేనూ, ఇనుప కడ్డీలూ కూడా మాయమయ్యాయి. రెండు స్తంభాల మీద నీటికాకులు వచ్చి రెక్కలు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టాయి.

లాంచీ పోయాక లంకకు నాటుపడవే మిగిలింది. పోలయ్య దాని తెడ్డు పట్టుకున్నాడు. ఒకనాడు పడవలో సోమలింగం ‘ఉదయకెరటం’ విప్పేసరికి రంగుల్లో ఒక ఫోటో ఉంది. గోదావరి మీద విహారానికి కొత్త లాంచీ వచ్చిందని, ప్రభాకరం గారి దూరదృష్టి వల్ల దేశం నలుమూలల నుంచి అతిథులు వస్తారని రాశారు. తెల్ల రంగు, ఎర్ర గొడుగులు, కుర్చీల్లో నవ్వుతున్న పెద్దమనుషులు. నూకాలమ్మ వంగి చూసింది.

"బాబూ, ఆ మూతి దగ్గర సొట్ట చూడండి. మన రేవు గుంజకి తగిలినప్పటిది గదా అది?"

పోలయ్య తెడ్డు ఆపి ఆ కాగితం అందుకున్నాడు. ఆ సొట్ట మీద వేలు పెట్టి తడిమాడు.

"నా లాంచీయే" అన్నాడు. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాం గానండి, మనం దాటకముందే తగలేసుకున్నాం" అన్నాడు. సోమలింగం ఆ రోజు ఇంకేమీ చదవలేకపోయాడు.

ఆ ఏడు ఆషాఢంలోనే ఏరు పొంగింది. మాణిక్యం ప్రయాణానికి మూట కట్టుకుని ఉంది. బాలింతకు పెట్టే కాయం దంచి సీసాలో పోసింది. నీరు తీసే రోజు కోసం చూస్తూ కూచుంది. తీయలేదు. నాటుపడవ కట్టేశారు. పోస్టాఫీసు ఫోను మూగబోయింది. బియ్యం మూటలు దించడానికి సర్కారు బోటు ఒకటి వచ్చి, మనుషుల్ని ఎక్కించుకోనని చెప్పి వెళ్లిపోయింది.

రోజూ పొద్దున్నే మాణిక్యం గట్టు మీదికి పరుగెత్తేది. అవతల పసుపుపచ్చ చీర కనిపిస్తే తన చీర కట్టి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. ఒకనాడు పిట్టగోడ మీద చీర లేదు. వాన కురుస్తూనే ఉంది. మాణిక్యం గొడుగు కూడా లేకుండా చూస్తూ నిలబడింది. సోమలింగం చెయ్యి పట్టుకుని లాగినా రాలేదు. మర్నాడు కూడా చీర లేదు.

"ఏమైందండీ దానికి? ఏమై ఉంటుందండీ?" అని ఆమె అడిగితే, ప్రతిసారీ ఏదో ఒక తీపి మాట చెప్పే సోమలింగం ఆ రోజు తన పైపంచె తీసి ఆమె తల మీద కప్పాడు.

ఆ తర్వాతి రోజు వాన వెలిసింది. డాబా మీద పసుపుపచ్చ చీర ఉంది. దాని పక్కన పిట్టగోడకు ఆనుకుని కుసుమ, ఆమెను కనిపెట్టుకుని వియ్యపురాలు ఉన్నారు. వియ్యపురాలు తెల్లటి పొత్తిళ్ల మూట ఒకటి రెండు చేతులా పైకెత్తి చూపించింది.

"పుట్టిందండీ! పుట్టింది!" అని మాణిక్యం కేక పెట్టింది. "ఎవరమ్మా? ఆడా, మగా?" అని గొంతు చించుకుని అరిచింది. ఏటి హోరులో ఆ మాట గట్టు కూడా దాటలేదు. అవతల కుసుమ కూడా చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నట్టుంది. పెదవులు కదలడం కూడా కనిపించనంత దూరం. మాణిక్యం రెండు చేతులూ ముందుకు చాపింది. అందుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. చాపిన చేతులు అలాగే ఉంచి ఏడ్చింది. ఒక తల్లి అలా ఏడుస్తూంటే చూడడం కంటే ఏటిలో కొట్టుకుపోవడం మేలనిపించింది సోమలింగానికి.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని అడిగింది. "లాంచీ ఉంటే ఈపాటి నీటికి తిరిగేదే గదండీ?"

"తిరిగేది."

"ఆవిడెవరో ఆవేళ చెప్పింది. మీరు పేపర్లో లేదన్నారు. నిజంగానే లేదా?"

సోమలింగం నీళ్లకేసి చూశాడు. ఈసారి మింగలేదు. "ఉంది" అన్నాడు.

"ఉంటే ఎందుకు లేదన్నారు?"

"నీ మొహం చూశాను మాణిక్యం. అంత ఆశగా చూస్తున్నావు. చిన్నబుచ్చడానికి నోరు రాలేదు."

మాణిక్యం అరవలేదు. నెమ్మదిగానే అంది. "ఆవేళ చెప్పుంటే నా మొహం ఒక్క పూట చిన్నబోయేదండీ. ఏడ్చి ఊరుకునేదాన్ని. తెల్లారి లేచి, ఓటు ఎవరికెయ్యాలో ఆలోచించుకునేదాన్ని. మీరు నా మొహం కాపాడేరు గాని, నా బిడ్డ దగ్గరికి దారి తీసేసేరు." మళ్లీ తనే, "నా తప్పూ ఉందిలెండి. లేదనాలనే చూశాను మీకేసి. నిజం చెప్పమని చూడలేదు" అంది.

ఏరు తీసి, పడవ కదిలేసరికి శ్రావణం సగమైంది. మాణిక్యం కూర గిన్నె పట్టుకుని కూతురింటికి వెళ్లింది. పుట్టింది ఆడపిల్ల. బారసాల కూడా అయిపోయింది. మాణిక్యం చేతుల్లోకి తీసుకోగానే ఆ పసిది కొత్త మనిషిని చూసినట్టు గుక్క పెట్టింది.

"అలవాటు లేదు గదమ్మా" అంది కుసుమ, బిడ్డను తిరిగి తీసుకుంటూ. "నొప్పులప్పుడు కిటికీలోంచి ఏటికేసే చూశానమ్మా. నువ్వు ఎలాగోలా వచ్చేస్తావనే అనుకున్నాను." తల్లి గిన్నె మూత తీసింది. కూర చల్లగా ఉంది.

మర్నాడు పడవ నడి ఏటికి వచ్చాక సోమలింగం లేచి నిలబడ్డాడు. ‘లోకమాట’ ఆ రోజున తన చేతిలోనే ఉందని, అందులో అంతా ఉందని, లేదని తాను అబద్ధం చెప్పానని అందరికీ వినిపించేలా చెప్పాడు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. కొందరు తలలు వంచుకున్నారు. నూకాలమ్మ మాత్రం, "హాయిగా ఉండేవే చదవమని అడిగింది మేమే గదా బాబూ" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ సాయంత్రం సోమలింగం ఇంటికెళ్లి గోడ మీది ఫోటో గీకేశాడు.

తర్వాత లంకంతా కలిసి అర్జీలు పెట్టారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇందుమతి వాళ్ల వెంట నడిచింది. ‘లోకమాట’ రాస్తూనే ఉంది. చాన్నాళ్లకు లాంచీ తిరిగొచ్చింది. తెల్ల రంగు అక్కడక్కడా పెచ్చులూడి, కింద పాత ఆకుపచ్చ కనిపించేది. పోలయ్య మళ్లీ చక్రం పట్టుకున్నాడు. సోమలింగం మళ్లీ వెళ్లేటప్పుడు ఒక పత్రిక, వచ్చేటప్పుడు ఒక పత్రిక చదవసాగాడు. మొహాలు వాడిపోయిన రోజున గొంతు తడబడేది గాని, చదవడం మాత్రం మానేవాడు కాదు. ఆ తర్వాతి ఎన్నికలకు ఒకాయన వచ్చి, "ఈసారి వంతెనకు పూచీ నాది" అని చెయ్యెత్తాడు. జనం చప్పట్లు కొట్టబోయారు. "ఆగండి. ముందు రెండో పేపరు కూడా విందాం" అంది మాణిక్యం. ఆ ఎన్నికల్లో వెలగలంక ఎవరికి ఓటేసిందో నేను చెప్పను, ఓటు రహస్యం గదా. రెండు పత్రికలూ విన్నాకే వేసిందని మాత్రం చెప్పగలను.

వంతెన ఇంకా రాలేదు. ఆ రెండు స్తంభాల మీద నీటికాకులు ఇప్పటికీ రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. సాయంత్రమైతే మాణిక్యం గట్టు మీదికి వచ్చి అవతలి డాబాకేసి చూస్తూ కూచుంటుంది. పిట్టగోడ వెనక నుంచి మనవరాలు చెయ్యూపుతుంది. మాణిక్యం కూడా చెయ్యూపుతుంది. ఎప్పటికైనా వేడి కూర ఆ చేతుల్లో పెట్టాలని ఆమె కోరిక. కోరిక ఉండడం తప్పు కాదు. ఆ కోరికను ఊరించేవాళ్ల మాటే వింటూ, నిజం చెప్పేవాళ్ల నోరు నొక్కడమే తప్పు.

నీతి: చెవికి ఇంపైన వార్త ఆశను పెంచుతుందే గాని ఏరు దాటించదు, చేదు నిజం కూడా విని, ఆలోచించి వేసిన ఓటే జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది.